కూర్పులోనే ఉంది నేర్పు

* వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కు ఓనమాలు
* మీటలు వారంలో వస్తాయి.. పని క్రమానికే సాధన కావాలి
* అసలు దృశ్యాలు చేజారితే తిరిగి రావు

హాలహర్వి: కర్నూలు జిల్లా పశ్చిమ అంచున, కర్ణాటక సరిహద్దును ఆనుకుని ఉన్న మండలం హాలహర్వి. ఆలూరు నుంచి బళ్ళారికి సాగే దారిలోని ఈ ప్రాంతంలో పెళ్లంటే రెండు రాష్ట్రాల బంధువులు ఒక పందిరి కిందకు చేరే వేడుక. పత్తి, మిరప కోతలకు వలస వెళ్లిన కుటుంబాలు సైతం పెళ్లికో, పీర్ల పండుగకో, ఊరి తేరుకో సొంత గడపకు చేరుకుంటాయి. ఆ ఒకటి రెండు రోజుల్లో కెమెరాకు చిక్కిన దృశ్యాలే తర్వాత ఏళ్ల తరబడి ఇంటిల్లిపాదికీ మిగిలే జ్ఞాపకం. తాత మాట్లాడిన నాలుగు మాటలు, అవ్వ అక్షింతలు వేసిన క్షణం ఆ వీడియోలో తప్ప మరెక్కడా ఉండకపోవచ్చు.

ఆ దృశ్యాలను ఏరి, కత్తిరించి, వరుసలో కూర్చి, చూడదగిన వీడియోగా మలిచే పనే ఎడిటింగ్. ఫొటో స్టూడియోల బోర్డులపై దీనికున్న పేరు ‘వీడియో మిక్సింగ్’. ఒకప్పుడు పట్టణాల్లోని కొద్దిమందికే తెలిసిన ఈ విద్య నేడు కంప్యూటరు ఉన్న ప్రతి ఇంటికీ అందుబాటులోకి వచ్చింది. సినిమాలకు వాడే సాఫ్ట్‌వేరే పల్లె యువకుడి బల్లపైనా పనిచేస్తుంది. అయితే కొత్తగా నేర్చుకునేవారు మెరుపులు, రంగుల హంగులతో మొదలుపెట్టి అసలు పనిని విస్మరిస్తుంటారు. ఏ సాఫ్ట్‌వేర్ వాడినా ముందుగా పట్టుబడాల్సింది పని క్రమం. భద్రపరచడం, వేరుచేయడం, కత్తిరించడం, ధ్వనిని సరిచేయడం, తగిన రూపంలో అందించడం అనే అయిదు మెట్లను వరుసగా ఎక్కినవారికే ఈ పని జీవనోపాధిగా నిలుస్తుంది.

టేపు నుంచి టైమ్‌లైన్‌కు

సినిమా ఎడిటర్లు పూర్వం మూవియోలా యంత్రంపై ఫిలింను చూస్తూ, చేత్తో కత్తిరించి అతికించేవారు. తెలుగు కుటుంబానికి చెందిన ఎ.శ్రీకర్ ప్రసాద్ తన తండ్రి, ఎడిటర్ అక్కినేని సంజీవి వద్ద ఈ విద్యను అభ్యసించి, జాతీయ అవార్డులను పలుమార్లు అందుకున్నారు. 2022లో విడుదలైన ‘ఆర్ఆర్ఆర్’ చిత్రానికి కూర్పు ఆయనదే. ఫిలిం పోయి కంప్యూటర్ వచ్చినా, ఏ దృశ్యం ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలన్న విచక్షణ మాత్రం మారలేదనడానికి ఆ తరం ఎడిటర్లే నిదర్శనం.

పెళ్లి వీడియోలది మరో దారి. వీహెచ్ఎస్ క్యాసెట్ల కాలంలో రెండు వీసీఆర్‌లు పక్కపక్కన పెట్టి, ఒకదాంట్లో ఆడుతున్న దృశ్యాన్ని మరోదాంట్లో రికార్డు చేసేవారు. మధ్యలో ఒక దృశ్యం చేర్చాలంటే అక్కడి నుంచి పని మళ్లీ మొదటికొచ్చేది. 2000 తర్వాత మినీ డీవీ టేపులు వ్యాపించాయి. 60 నిమిషాల టేపును కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి 60 నిమిషాలూ పట్టేది. గంట దృశ్యానికి సుమారు 13 గిగాబైట్ల స్థలం కావాల్సి వచ్చేది. ఇప్పుడు మెమరీ కార్డు నుంచి అదే పని నిమిషాల్లో ముగుస్తోంది.

ఈ సౌలభ్యం వెంటే ఒక ప్రమాదమూ వచ్చింది. పెళ్లి ముగిశాక టేపు బీరువాలో భద్రంగా ఉండేది. కంప్యూటర్ చెడిపోయినా టేపు ఉందన్న ధైర్యం ఉండేది. మెమరీ కార్డు అలా కాదు. మరుసటి ముహూర్తానికి దానిని తుడిచేసి మళ్లీ వాడతారు. కాబట్టి టేపు చేసిన కాపలా పనిని ఇప్పుడు ఎడిటరే చేయాలి.

ముందు రెండు నకళ్లు

చిత్రీకరణ పూర్తయిన వెంటనే కార్డులోని ఫైళ్లను కంప్యూటర్‌లోకి, మరో విడి హార్డ్‌డిస్క్‌లోకి నకలు చేయాలి. రెండు చోట్లా ఫైళ్ల సంఖ్య, పరిమాణం సరిపోల్చి, కొన్నింటిని తెరిచి చూసిన తర్వాతే కార్డును తుడవాలి. వీలైతే మూడో నకలు వేరే ఇంట్లో ఉంచడం మంచిది. ఒకే గదిలో ఉన్న రెండు డిస్కులు దొంగతనానికో, విద్యుత్ ప్రమాదానికో ఒకేసారి బలయ్యే అవకాశం ఉంది.

ఎంత స్థలం కావాలో లెక్క వేసుకోవడం కష్టమేమీ కాదు. కెమెరా సెకనుకు 50 మెగాబిట్ల చొప్పున రికార్డు చేస్తుందనుకుందాం. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి సెకనుకు 6.25 మెగాబైట్లు, గంటకు 22.5 గిగాబైట్లు అవుతుంది. రెండు కెమెరాలు ఆరేసి గంటల చొప్పున తీస్తే 12 గంటల దృశ్యాలకు 270 గిగాబైట్లు. రెండు నకళ్లకు 540 గిగాబైట్లు. పెళ్లి ఒప్పుకునే ముందే ఈ లెక్క వేసుకుంటే, అర్ధరాత్రి స్థలం చాలక పాత పెళ్లిని తుడిచి కొత్త పెళ్లిని ఎక్కించే దుస్థితి తప్పుతుంది.

నకలు చేసేటప్పుడే ఫోల్డర్లను అమర్చుకోవాలి. తేదీ, ఊరు, ఇంటిపేరుతో ఒక పెద్ద ఫోల్డర్. అందులో ఒకటో కెమెరా, రెండో కెమెరా, డ్రోన్, ధ్వని, పాటలు, ఫొటోలు, ప్రాజెక్టు, తుది వీడియో అంటూ చిన్న ఫోల్డర్లు ఉండాలి. ఆరు నెలల తర్వాత ఇంటివారు వచ్చి ‘మా మామ మాట్లాడిన ముక్క ఒక్కటి కావాలయ్యా’ అని అడిగితే అయిదు నిమిషాల్లో తీసివ్వగలిగే స్టూడియోకే పేరొస్తుంది.

ఏ సాఫ్ట్‌వేర్ మేలు?

వృత్తిపరమైన ఎడిటింగ్‌కు పలు సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. అడోబ్ సంస్థ 1991లో ప్రీమియర్‌ను తొలిసారి విడుదల చేసింది. 2003లో ప్రీమియర్ ప్రొ పేరుతో దానిని కొత్తగా తీర్చిదిద్దింది. దీనికి చందా కట్టాలి. జపాన్‌లో పుట్టిన ఎడియస్‌ను మన దేశంలోని పెళ్లి వీడియో స్టూడియోలు విరివిగా వాడాయి. యాపిల్ సంస్థ 1999లో తెచ్చిన ఫైనల్ కట్ ప్రొ ఆ సంస్థ యంత్రాలపై మాత్రమే పనిచేస్తుంది. డావిన్సీ రిజాల్వ్ మొదట సినిమాలకు రంగులు దిద్దే వ్యవస్థ. 2009లో ఆస్ట్రేలియాకు చెందిన బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ దానిని సొంతం చేసుకుని, తర్వాత పూర్తిస్థాయి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌గా పెంచింది. దీనికి ఉచిత రూపం కూడా ఉంది. కాకపోతే మంచి గ్రాఫిక్స్ కార్డు ఉంటేనే సాఫీగా నడుస్తుంది. పాత కంప్యూటర్ ఉన్నవారు షాట్‌కట్, కెడెన్‌లైవ్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లతో పాఠాలు మొదలుపెట్టవచ్చు.

డబ్బు కట్టాల్సిన సాఫ్ట్‌వేర్‌కు తాళం పగలగొట్టిన నకిలీ ప్రతులు పెన్‌డ్రైవ్‌లలో చేతులు మారుతుంటాయి. వీటితో పాటు వైరస్‌లు చొరబడి, డిస్క్‌లోని ఫైళ్లన్నిటినీ తెరవడానికి వీల్లేకుండా చేసే ముప్పు ఉంది. ఉచితంగా, చట్టబద్ధంగా లభించేవి ఉండగా ఒక ఇంటి పెళ్లి జ్ఞాపకాలను పణంగా పెట్టడం అవివేకం. ఒకదానిలో పట్టు సాధిస్తే మిగిలినవాటికి మారడం సులువే. పేర్లు, మీటలు మారతాయి తప్ప లోపలి సూత్రం ఒక్కటే.

ప్రాజెక్టు అంటే వీడియో కాదు

కొత్తవారిని ఎక్కువగా తికమక పెట్టే అంశమిది. సాఫ్ట్‌వేర్‌లో భద్రపరిచే ప్రాజెక్టు ఫైలులో దృశ్యాలు ఉండవు. ఏ ఫైలు ఎక్కడుంది, దానిలో ఎన్నో సెకను నుంచి ఎన్నో సెకను వరకు వాడాలి, ఏ రంగు దిద్దాలి అన్న ఆదేశాలు మాత్రమే ఉంటాయి. వంటవాడి చేతిలోని చీటీకి, కొట్టుగదిలోని సరుకుకు ఉన్న తేడా ఇదే. చీటీ ఎంత భద్రంగా ఉన్నా సరుకు లేకపోతే వంట జరగదు.

అందువల్లే ప్రాజెక్టు ఫైలును మాత్రమే పెన్‌డ్రైవ్‌లో వేసుకుని మరో కంప్యూటర్‌లో తెరిస్తే, దృశ్యాలు కనిపించడం లేదన్న హెచ్చరిక వస్తుంది. మధ్యలో ఫోల్డర్ పేరు మార్చినా, ఫైళ్లను మరో డిస్క్‌లోకి జరిపినా ఇదే సమస్య. ఫైళ్లు ఉన్నచోటును మళ్లీ చూపిస్తే దారికొస్తుంది. అసలు ఫైళ్లు తుడిచేసి ఉంటే మాత్రం చేసేదేమీ లేదు. ఇందులోనే మేలు కూడా ఉంది. కత్తిరింపు ఆదేశం మాత్రమే కనుక, తెరపై ఎన్ని ముక్కలు చేసినా అసలు దృశ్యం చెక్కుచెదరదు. కాబట్టి ప్రయోగాలు చేయడానికి భయపడనక్కర్లేదు.

ప్రాజెక్టును తరచూ భద్రపరిచే ఏర్పాటును సాఫ్ట్‌వేర్ అమరికల్లో చేసుకోవచ్చు. కరెంటు కోతలున్న పల్లెల్లో కంప్యూటర్‌కు యూపీఎస్ తప్పనిసరి. పని భద్రపరిచి, యంత్రాన్ని సవ్యంగా ఆపడానికి అది ఇచ్చే కొద్ది నిమిషాలే చాలు.

తెరపై నాలుగు గదులు

ఏ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తెరిచినా ప్రధానంగా నాలుగు భాగాలు కనిపిస్తాయి. మొదటిది తెచ్చుకున్న ఫైళ్లుండే అర. రెండోది ఏరుకునే ముందు దృశ్యాన్ని చూసే కిటికీ. మూడోది కూర్చిన వీడియో కనిపించే కిటికీ. నాలుగోది అడుగున పొడవుగా పరుచుకునే టైమ్‌లైన్. దీనిపై దృశ్యాల పట్టీలు పైన, ధ్వని పట్టీలు కింద ఉంటాయి.

మొదటి రోజు అయిదు మీటలు నేర్చుకుంటే చాలు. జె నొక్కితే దృశ్యం వెనక్కి, ఎల్ నొక్కితే ముందుకు నడుస్తుంది. కె నొక్కితే ఆగుతుంది. ఐ నొక్కిన చోట ముక్క మొదలవుతుంది, ఓ నొక్కిన చోట ముగుస్తుంది. ప్రధాన సాఫ్ట్‌వేర్లన్నిటిలోనూ సాధారణంగా ఇవే మీటలు పనిచేస్తాయి. మౌస్‌తో లాగేవారి కంటే మీటలతో పనిచేసేవారి వేగం ఎన్నో రెట్లు అధికం.

పెద్ద ఫైళ్లతో కంప్యూటర్ తడబడుతుంటే ‘ప్రాక్సీ’ విధానం ఆదుకుంటుంది. అసలు దృశ్యాలకు చిన్న పరిమాణంలో నకళ్లు తయారుచేసి వాటితోనే కూర్పు సాగించి, తుది వీడియో తీసేటప్పుడు అసలు ఫైళ్లను వాడటమే ఈ పద్ధతి. కొత్త కంప్యూటర్ కొనే స్తోమత లేనివారికి ఇది వరం.

కత్తిరింపులో కిటుకు

కూర్పు అంటే బాగోలేని ముక్కలను తీసేయడం మాత్రమే కాదు. ఉన్న ముక్కల మధ్య అర్థాన్ని నిలపడం కూడా. తాళి కట్టే దృశ్యం తర్వాత వధువు తల్లి కళ్లు తుడుచుకునే దృశ్యం పెడితే ఒక భావం కలుగుతుంది. అదే చోట వంటశాల దృశ్యం పెడితే ఆ భావం చెదిరిపోతుంది. దృశ్యం తన సంగతి చెప్పిన వెంటనే ముగియాలి. ముగిసిన తర్వాత కూడా సాగుతుంటే చూపరికి విసుగు పుడుతుంది.

ధ్వనిని, దృశ్యాన్ని వేర్వేరు చోట్ల కత్తిరించడం రెండో మెట్టు. తెరపై వధువు అలంకరణ కనిపిస్తుండగానే మెరవణి బాజాలు వినిపించి, ఆ తర్వాత మెరవణి తెరపైకి వస్తే దానిని జె-కట్ అంటారు. పురోహితుని మంత్రం వినిపిస్తూనే ఉండగా తెరపై తల్లిదండ్రుల ముఖాలు కనిపిస్తే అది ఎల్-కట్. టైమ్‌లైన్‌పై ఆ ముక్కలు ఇంగ్లిష్ అక్షరాలైన జె, ఎల్ ఆకారాల్లో కనిపించడం వల్లే ఈ పేర్లు. పేజీలు తిరిగినట్లు, పూలు రాలినట్లు వచ్చే హంగుల కంటే ఈ రెండు కత్తిరింపులే వీడియోకు నిండుదనం తెస్తాయి.

పెళ్లి కూర్పులో మరో బాధ్యత ఉంది. ఎడిటర్‌కు అనవసరమనిపించిన ముక్క ఇంటివారికి అమూల్యం కావచ్చు. చదివింపుల వరుసలో నిలుచున్న మేనమామ, మూల కూర్చున్న ముసలవ్వ తుది వీడియోలో లేకపోతే అది బంధువుల మధ్య పట్టింపుగానూ మారుతుంది. అందుకే పని మొదలుపెట్టే ముందే ఎవరెవరు తప్పక కనిపించాలో ఇంటి పెద్దలను అడిగి రాసుకోవాలి. నాలుగైదు నిమిషాల చిన్న వీడియోను అందం కోసం, పూర్తి నిడివి వీడియోను జ్ఞాపకం కోసం విడివిడిగా తీసివ్వడం ఉభయతారకం.

చెవికి ఇంపుగా..

బొమ్మ కాస్త మసకగా ఉన్నా చూపరులు భరిస్తారు. ధ్వని కర్ణకఠోరంగా ఉంటే వెంటనే ఆపేస్తారు. డోళ్లు, సన్నాయి, మైకులు మోగే చోట కెమెరా ధ్వని స్థాయి హద్దు దాటితే శబ్దం పగిలిపోతుంది. పగిలిన శబ్దాన్ని తర్వాత పూర్తిగా బాగుచేయడం అసాధ్యం. కాబట్టి చిత్రీకరణ సమయంలోనే స్థాయిని తగ్గించి ఉంచాలి. సాఫ్ట్‌వేర్‌లోని కొలమానంలో సున్నా డెసిబెల్ గరిష్ఠ హద్దు. మాటలు మైనస్ 12 పరిసరాల్లో, గట్టి శబ్దాలు మైనస్ 6 లోపు ఉండేలా చూసుకోవడం అనువైన పద్ధతి. నేపథ్యంలో పాట పెట్టినప్పుడు మాటలు వచ్చేచోట పాట స్థాయిని బాగా తగ్గించాలి.

రెండు కెమెరాల దృశ్యాలను ఒకే సమయానికి జతచేయడానికి కూడా ధ్వనే ఆధారం. రెండు కెమెరాలూ తిరుగుతుండగా ఒకసారి గట్టిగా చప్పట్లు కొడితే, ఆ శబ్దం రెండు పట్టీల్లోనూ నిటారు గీతలా కనిపిస్తుంది. ఆ గీతలను కలిపితే దృశ్యాలు జతపడతాయి. శబ్దాలను పోల్చి ఈ పనిని తామే చేసే సాఫ్ట్‌వేర్లు కూడా ఉన్నాయి.

సెకనుకు 25 బొమ్మలు

వీడియో అంటే వేగంగా మారే నిశ్చల చిత్రాల వరుస. మన దేశంలో టీవీ ప్రమాణం సెకనుకు 25 చిత్రాలు. ఆ లెక్కన గంట వీడియోలో 90 వేల చిత్రాలు ఉంటాయి. మన విద్యుత్ సెకనుకు 50 ఆవృత్తులతో సరఫరా కావడం వల్ల ట్యూబులైట్లు, కొన్ని రకాల ఎల్ఈడీ దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. కంటికి ఆనకపోయినా కెమెరాకు ఇది తెలుస్తుంది. కెమెరాను 25 చిత్రాలకు, షట్టర్‌ను సెకనులో 50వ వంతుకు పెడితే తెరపై చారలు, మినుకులు చాలావరకు రావు.

సెల్‌ఫోన్లతో తీసిన దృశ్యాల్లో సెకనుకు చిత్రాల సంఖ్య స్థిరంగా ఉండదు. వాటిని నేరుగా టైమ్‌లైన్‌పై పెడితే కొంతసేపటికి పెదవుల కదలికకు, మాటకు పొంతన తప్పుతుంది. హ్యాండ్‌బ్రేక్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో వాటిని స్థిరమైన చిత్రాల సంఖ్యకు మార్చుకున్నాకే కూర్పు మొదలుపెట్టాలి.

వత్తులు చెదిరితే..

ఈ ప్రాంత ఎడిటర్లకు ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు అక్షరాలతోనే. సరిహద్దు ఊళ్ల పెళ్లిళ్లలో ఒక వైపువారికి తెలుగులో, మరో వైపువారికి కన్నడంలో పేర్లు వేయాల్సి వస్తుంది. రెండు లిపుల్లోనూ వత్తులు, గుణింతాలు ఉండటంతో, సాఫ్ట్‌వేర్ సరిగా అమర్చి ఉండకపోతే ‘లక్ష్మి’ కాస్తా మూడు ముక్కలై కనిపిస్తుంది. ప్రీమియర్‌లో గ్రాఫిక్స్ అమరికల్లోకి వెళ్లి దక్షిణాసియా భాషల అక్షర విధానాన్ని ఎంచుకుంటే ఈ దోషం తొలగుతుంది. మండలి, రామభద్ర, ఎన్టీఆర్ వంటి తెలుగు యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా లభిస్తాయి. డీటీపీలో అలవాటైన పాత ఫాంట్లకు, యూనికోడ్‌కు పొంతన కుదరదు. ఒకదానిలో టైపు చేసినది మరోదానిలో అర్థంకాని గుర్తులుగా మారుతుంది. ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ అక్షరాలు కుదరకపోతే పేర్లను బొమ్మగా తయారుచేసి, వెనుక రంగు లేకుండా భద్రపరచి టైమ్‌లైన్‌పై ఉంచవచ్చు. ఎలా చేసినా, తీసివ్వక ముందు పేర్లను పెళ్లిపత్రికతో సరిచూడటం మరువరాదు.

పెన్‌డ్రైవ్‌లో పట్టని పెళ్లి

కూర్పు ముగిశాక తుది వీడియో తీయడంలో ఒక చిన్న అజ్ఞానం పెద్ద ఇబ్బంది తెస్తుంది. 16 గిగాబైట్ల పెన్‌డ్రైవ్ ఖాళీగా ఉన్నా, అయిదు గిగాబైట్ల వీడియో అందులోకి ఎక్కడం లేదని కొందరు వాపోతుంటారు. పెన్‌డ్రైవ్ ఫ్యాట్-32 పద్ధతిలో ఉండటమే దీనికి కారణం. ఆ పద్ధతిలో ఒక్కో ఫైలు నాలుగు గిగాబైట్లు దాటరాదు. ఎక్స్‌ఫ్యాట్ పద్ధతికి మారిస్తే ఎక్కుతుంది గానీ, పాత టీవీలు కొన్ని దానిని గుర్తించవు.

దీనికీ లెక్కలోనే పరిష్కారం ఉంది. సెకనుకు 10 మెగాబిట్ల చొప్పున తీస్తే గంట వీడియో 4.5 గిగాబైట్లు అవుతుంది. ఎనిమిది మెగాబిట్లకు తగ్గిస్తే 3.6 గిగాబైట్లకు దిగి హద్దులోకి వస్తుంది. మూడు గంటల వీడియోను నిశ్చితార్థం, ముహూర్తం, మెరవణి అంటూ భాగాలుగా తీసివ్వడం మరింత అనుకూలం. ఇచ్చే ముందు ఆ పెన్‌డ్రైవ్‌ను టీవీలో పెట్టి మొదలు, మధ్య, చివర చూడాలి. వాట్సప్‌లో వీడియోగా పంపితే నాణ్యత తగ్గుతుంది కనుక తుది ప్రతిని అలా పంపి చేతులు దులుపుకోరాదు.

సినిమా పాటలు చేర్చిన వీడియోను యూట్యూబ్‌లో పెడితే హక్కుదారుల నుంచి అభ్యంతరం వచ్చి, ధ్వని ఆగిపోవడం, వీడియో నిలిచిపోవడం జరగవచ్చు. బహిరంగంగా పెట్టదలచిన వీడియోలకు యూట్యూబ్ ఉచితంగా అందించే సంగీతాన్ని గానీ, పెళ్లిలో మోగిన సన్నాయినే గానీ వాడుకోవడం క్షేమం.

నెల రోజుల సాధన

ఈ విద్యకు పుణెలోని ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్ వంటి సంస్థల్లో క్రమబద్ధమైన కోర్సులు ఉన్నాయి. అక్కడిదాకా వెళ్లలేనివారు ఊళ్లోనే పునాది వేసుకోవచ్చు. మొదటి వారం ఇంట్లో జొన్నరొట్టె చేసే తీరును సెల్‌ఫోన్‌తో పన్నెండు ముక్కలుగా తీయాలి. పిండి కలపడం, తట్టడం, పెనంపై వేయడం, రొట్టె పొంగడం.. వీటిని ఏ హంగూ లేకుండా కత్తిరింపులతోనే ఒక్క నిమిషంలోకి కూర్చాలి. వంట తెలియనివారికి కూడా చూడగానే క్రమం బోధపడితే సాధన ఫలించినట్లే.

రెండో వారం ధ్వనిపై దృష్టి నిలపాలి. ఎమ్మిగనూరు మగ్గాల చప్పుడు, ఆదోని పత్తి మార్కెట్ సందడి అందుకు చక్కని పాఠాలు. మగ్గం శబ్దం వినిపిస్తుండగా నేతన్న మాటలు స్పష్టంగా వినిపించేలా చేయగలగాలి. మూడో వారం ఇద్దరు మిత్రులు రెండు ఫోన్లతో ఒకే సందర్భాన్ని తీసి జతచేయాలి. నాలుగో వారం పేర్లు వేసి, లెక్క ప్రకారం తుది వీడియో తీసి, నలుగురికి టీవీలో చూపించాలి. వారు ఎక్కడ విసుగుతో తల తిప్పారో గమనించి, అక్కడ మళ్లీ కత్తెర పెట్టాలి.

ఆ తర్వాత గూళ్యం గాదిలింగేశ్వరస్వామి తేరు, దసరా రాత్రి దేవరగట్టు ఉత్సవం వంటి పెద్ద సందర్భాలకు వెళ్లవచ్చు. అక్కడి జనసందోహంలో ముందుగా చూసుకోవాల్సింది ఒంటి భద్రత. వలసలు ఎక్కువగా ఉన్న ఈ పల్లెల్లో ఎడిటింగ్ అందరికీ కూడు పెట్టకపోవచ్చు. నమ్మకంగా చేసే కొద్దిమందికి మాత్రం ఊరు విడవకుండానే ఏటా పెళ్లి ముహూర్తాల కాలమంతా పని చూపగలదు. ఆ నమ్మకానికి మూలం కంప్యూటర్ ఖరీదులో లేదు. అడిగిన రోజున, అడిగిన మనిషి ముఖాన్ని, మాటను చెక్కుచెదరకుండా తీసి చూపడంలో ఉంది.